పెరటికి కంచె

సాయమ్మ ఇల్లు ఊరి చివర ఉంది. ఇంటి వెనక చిన్న పెరడు. అందులో గోంగూర, వంగ, బీర, చిలగడదుంప వేసింది. గిన్నెలు కడిగిన నీళ్ళే మళ్ళకు పారిస్తుంది. కూరగాయల ఖర్చు తగ్గింది. పిల్లలు రోజూ ఆకుకూర తింటున్నారు.

ఒకరోజు పొద్దున్నే లేచి చూసింది. దుంపల మడి అంతా తవ్వి పోసి ఉంది. రాత్రి అడవిపందులు పడ్డాయి. అంతకు ముందు వారమే మేకలు గోంగూర మేసిపోయాయి. సాయమ్మకు ఏడుపొచ్చింది.

మరిది వచ్చి చూశాడు.

"వదినా, చుట్టూ ఇనుప తీగ కడతాను. రాత్రికి కరెంటు ఇస్తాను. పంది చస్తే పీడ పోతుంది" అన్నాడు.

సాయమ్మ ఒప్పుకోలేదు.

"తెల్లవారక ముందే మనం పెరట్లోకి పోతాం. పక్కింటి పిల్లలు ఈ దారినే తిరుగుతారు. వచ్చింది పందో, పసిపిల్లో తీగకు తెలుస్తుందా?" అంది.

మరిది తల దించుకున్నాడు.

సాయమ్మ మాట నిజం. ఇలాంటి తీగలు తగిలి ఎందరో మనుషులు, పశువులు చనిపోయారు. తీగ పెట్టినవాళ్ళే పోయిన ఇళ్ళూ ఉన్నాయి. కరెంటు దొంగతనం 2003 విద్యుత్ చట్టం ప్రకారం నేరం. అనుమతి లేకుండా అడవిపందిని చంపడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

మరి పెరటిని ఎలా కాపాడుకోవాలి?

మేకలు, పశువులు: తుమ్మకంప, రేగుకంప దట్టంగా నాటాలి. వానాకాలంలో కంప వెంట వావిలి కొమ్మలు గుచ్చాలి. వావిలిని పశువులు మేయవు. అది పెరిగి పచ్చని కంచె అవుతుంది.

అడవిపందులు: పాత రంగు చీరలు కంచె చుట్టూ కట్టాలి. కొన్నాళ్ళకు పందులు వాటికి అలవాటు పడతాయి. అందుకని చీరలు మారుస్తుండాలి. చీరలతో పాటు కంప కూడా ఉండాలి.

కోతులు: ఎంగిలి మెతుకులు బయట పారేయకూడదు. తిండి దొరికిన చోటికే కోతి మళ్ళీ వస్తుంది. పసుపు, అల్లం, కంద జోలికి కోతులు అంతగా రావు.

ఎలుకలు, పందికొక్కులు: చెత్త, గడ్డి, కట్టెల కుప్పలు మడి పక్కన ఉంచకూడదు. అవే వాటికి దాగే చోటు. బోను పెట్టాలి. విషపు మందు పెట్టకూడదు. పిల్లలు తింటే ప్రాణం పోతుంది. కొన్ని ఎలుకల మందులకు విరుగుడు లేదు. తిన్నారని అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

సాయమ్మ సంఘం ఆడవాళ్ళను పిలిచింది. ఒకరి పెరటికి ఒకరు సాయం పట్టారు. మరిది కంప కొట్టి తెచ్చాడు. మేకలవాళ్ళతో మాట్లాడారు. వాళ్ళు మేకలను కట్టేస్తామన్నారు.

ఇప్పుడు సాయమ్మ పెరడు మళ్ళీ పచ్చగా ఉంది. అప్పుడప్పుడు ఎలుక ఒక దుంప కొరుకుతుంది.

"పోతే ఒక దుంప పోయింది. మనుషులం బాగున్నాం" అంటుంది సాయమ్మ.

ఆలోచించండి - మాట్లాడండి

1. కరెంటు తీగ వద్దని సాయమ్మ ఎందుకు అన్నది?
2. మీ పెరటిని ఏ జంతువులు పాడు చేస్తున్నాయి?
3. మీ ఊళ్ళో కంచెకు పనికివచ్చే చెట్లు ఏవి? వాటి పేర్లు రాయండి.