బ్రేకు ముట్టకుండా దిగడం ఎలా?

సైకిలు మీద ఇంటికి వచ్చేవాడు గుమ్మం దాకా తొక్కి, అక్కడ గట్టిగా బ్రేకు నొక్కి ఆగడు. వీధి మలుపు తిరగ్గానే తొక్కడం మానేస్తాడు. ఉన్న ఊపే అతణ్ణి గుమ్మం దగ్గరికి చేరుస్తుంది. తొందరపడి మానితే మళ్ళీ తొక్కాలి. ఆలస్యంగా మానితే బ్రేకు వెయ్యాలి. అరవై టన్నుల ప్రయాణికుల విమానాన్ని దించడం కూడా అచ్చం ఇలాంటి పనే. కాకపోతే అక్కడ గుమ్మం ఇంకా 200 కిలోమీటర్లు ఉందనగానే తొక్కడం మానాలి!

కంప్యూటరు మీద విమానం నడిపే ఫ్లైట్ సిమ్యులేటరు మీలో కొందరైనా చూసి ఉంటారు. అందులో పైకి లేవడం సులువే, దిగేటప్పుడే తంటా అంతా. రన్‌వే దగ్గర పడుతుంది, విమానం మాత్రం ఇంకా చాలా ఎత్తులో ఉంటుంది. కంగారుగా ముక్కు కిందికి వంచుతారు. ఎత్తు తగ్గుతుంది కాని వేగం హద్దు దాటి హెచ్చరిక మోగుతుంది. ముక్కు పైకెత్తితే వేగం తగ్గుతుంది, ఎత్తు తగ్గడం ఆగిపోతుంది. ఇక గత్యంతరం లేక స్పీడ్ బ్రేకు లీవరు లాగుతారు. రెక్కల పైభాగాన పలకలు లేచి గాలికి అడ్డంగా నిలబడతాయి. విమానం వణుకుతూ దిగుతుంది.

స్పీడ్ బ్రేకు వాడటం నేరమేమీ కాదు. కంట్రోలరు అనుకోకుండా దారి తగ్గిస్తే నిజం పైలట్లూ వాడతారు. కాని చాలాసార్లు అది లెక్క తప్పిందనడానికి గుర్తు. ఆ లీవరు ముట్టకుండా ఒకసారి దిగి చూద్దాం. విమానం బోయింగ్ 737. ఢిల్లీ నుంచి శంషాబాదుకు 35,000 అడుగుల ఎత్తున వస్తోంది.

ముందు ఒక ప్రశ్న. ముక్కు వంచితే వేగం ఎందుకు పెరిగింది? ఎత్తులో ఉన్న వస్తువుకు స్థితిజశక్తి, కదిలే వస్తువుకు గతిజశక్తి ఉంటాయని మీరు చదువుకున్నారు. ముక్కు వంచడమంటే ఈ జేబులోని డబ్బు ఆ జేబులో వేసుకోవడమే. మొత్తం తగ్గదు. ఆ మొత్తం ఎంతో చూడండి. శంషాబాదు విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 2,000 అడుగుల ఎత్తున ఉంది. కాబట్టి మనం దిగవలసింది 33,000 అడుగులు, అంటే దాదాపు 10,000 మీటర్లు. 60,000 కిలోలను 9.8 తోనూ, 10,000 తోనూ గుణిస్తే 588 కోట్ల జౌళ్లు. సెకనుకు 230 మీటర్ల వేగానికి గతిజశక్తి మరో 159 కోట్ల జౌళ్లు. నేలను తాకేనాటికి వేగం సెకనుకు 72 మీటర్లకు తగ్గాలి. అప్పటికి మిగిలే గతిజశక్తి 16 కోట్ల జౌళ్లే. తక్కిన 731 కోట్ల జౌళ్లనూ దారిలోనే వదిలించుకోవాలి. మన కరెంటు మీటరు లెక్కలో అది సుమారు 2,000 యూనిట్లు!

దీన్ని తీసుకునేవాడు ఒక్కడే, గాలి. ఇంజన్లను కనిష్ఠ స్థాయికి తగ్గించి, నున్నటి విమానాన్ని జారనిస్తే గాలి నిరోధం సగటున 36,000 న్యూటన్ల దాకా ఉంటుంది. శక్తిని బలంతో భాగిస్తే దూరం వస్తుంది. చేసి చూడండి, దాదాపు 203 కిలోమీటర్లు. అంతకంటె తక్కువ దూరంలో దిగాలంటే గాలికి అడ్డం పెంచక తప్పదు.

పైలట్లు ప్రతిసారీ జౌళ్లు లెక్కపెడుతూ కూర్చోరు. వాళ్ళకు నోటిలెక్క ఒకటుంది. దిగవలసిన ప్రతి వెయ్యి అడుగులకూ 3 నాటికల్ మైళ్ళు, వేగం తగ్గించుకోవడానికి మరో 10. నాటికల్ మైలంటే 1,852 మీటర్లు. గంటకు ఒక నాటికల్ మైలు వేగమే ఒక నాట్ (వరినాట్లకూ దీనికీ సంబంధం లేదు). మన 33 వేల అడుగులకు 99, ఆ పైన 10, మొత్తం 109 మైళ్ళు. అంటే 202 కిలోమీటర్లు. శక్తి లెక్కా, నోటిలెక్కా ఎలా కలిశాయో చూశారా? మ్యాపు మీద ఢిల్లీ నుంచి శంషాబాదుకు గీత గీస్తే ఆ చోటు నిర్మల్ పరిసరాల్లో పడుతుంది. కొయ్యబొమ్మల ఊరు దగ్గరే మనం తొక్కడం మానాలన్నమాట.

దారిలో సరిచూసుకోవడం కూడా తేలికే. మిగిలిన మైళ్ళలోంచి 10 తీసేసి, మూడుతో భాగించి, విమానాశ్రయం ఎత్తు 2 కలపండి. 70 మైళ్ళ దగ్గర 22,000 అడుగులు, 40 దగ్గర 12,000 అడుగులు ఉండాలి. ఆ తరువాత వేగం తగ్గిస్తూ, దాచుకున్న 10 మైళ్ళను ఖర్చు పెట్టుకుంటాం. రన్‌వే 10 మైళ్ళు ఉందనగా మీటరు మీద 5,000 అడుగులు కనిపిస్తే సరిగ్గా వచ్చినట్టే.

వెనకగాలి ఉంటే? దిగడానికి పట్టేది సుమారు 20 నిమిషాలు. 30 నాట్ల గాలి ఆ సమయంలో మనల్ని 10 మైళ్ళు అదనంగా తోస్తుంది. కాబట్టి 10 మైళ్ళు ముందే దిగడం మొదలుపెట్టాలి.

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. నిండుగా ఉన్న విమానం, సగం ఖాళీ విమానం ఒకే ఎత్తు నుంచి ఒకే వేగంతో దిగుతున్నాయి. ఏది ముందుగా దిగడం మొదలుపెట్టాలి? బరువైనది గబగబా పడిపోతుంది కనుక ఆలస్యంగా దిగవచ్చు అంటారు చాలామంది. నిజం తలకిందులు! బరువు పెరిగితే శక్తి అదే నిష్పత్తిలో పెరుగుతుంది. కాని గాలి నిరోధం ముఖ్యంగా ఆకారం మీద, వేగం మీద ఆధారపడుతుంది. బరువుతో అది కొద్దిగానే పెరుగుతుంది. వదిలించుకోవలసింది ఎక్కువ, లాగే బలం ఇంచుమించు అంతే. అందుకే బరువైన విమానం ఎక్కువ దూరం జారుతుంది. నిండు విమానమే ముందుగా దిగడం మొదలుపెట్టాలి. ఘాట్ రోడ్డు మీద లోడు లారీని ఆపడం ఎందుకు కష్టమో డ్రైవరును అడిగితే ఇదే చెబుతాడు.

లెక్క తప్పి ఎత్తులో ఉండిపోయారనుకోండి. లీవరు ముట్టకుండానే ఉపాయాలున్నాయి. మొదటిది వింతగా తోస్తుంది: వేగం పెంచడం. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. 280 నాట్ల నుంచి 310 కి వెళితే నిరోధం దాదాపు 22 శాతం ఎక్కువ. అయితే ఈ పని పైనుండగానే, దూరం చేతిలో ఉండగానే చెయ్యాలి. 10,000 అడుగుల కింద చాలా దేశాల్లో 250 నాట్ల హద్దుంది. రెండోది దారి పొడిగించడం. కంట్రోలరును అడిగి ఓ చుట్టు తిరిగితే సరి. మూడోది చక్రాలను ముందే దించడం. అవీ గాలికి అడ్డే. చప్పుడు ఎక్కువ గాని పని జరుగుతుంది. ఫ్లాపులను ఈ పనికి వాడటం నాకు నచ్చదు. అవి విమానాన్ని నెమ్మదిగా ఎగరనివ్వడానికి, బ్రేకులుగా వాడటానికి కాదు.

ఈ లెక్క మీద ప్రాణాలు ఆధారపడిన రోజూ ఒకటుంది. 1983 జూలై 23న ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 కి 41,000 అడుగుల ఎత్తున ఇంధనం అయిపోయింది. కిలోగ్రాములు వాడవలసిన చోట పౌనుల గుణకం వాడటంతో కావలసినదానిలో సగం కూడా నింపలేదు. రెండు ఇంజన్లూ ఆగాయి. కెప్టెన్ బాబ్ పియర్సన్ గ్లైడర్లు నడిపిన మనిషి. గిమ్లీ అనే ఊళ్ళోని పాత వైమానిక స్థావరం వైపు విమానాన్ని జారనిచ్చాడు. తీరా దగ్గరికొచ్చేసరికి ఎత్తు ఎక్కువైంది. ఫ్లాపులు పనిచెయ్యవు. ఇంజన్లు లేవు గనుక మళ్ళీ చుట్టు తిరిగి రాలేడు. అప్పుడతను చుక్కానిని ఒకవైపు, రెక్కల వాలును ఇంకోవైపు పెట్టి, విమానాన్ని పక్కవాటుగా గాలికి ఎదురుపెట్టాడు. అంత పెద్ద విమానమే తనకు తాను బ్రేకు పలక అయింది! వేగం పెరగకుండా ఎత్తు తగ్గింది. అందులోని 69 మందీ ప్రాణాలతో బయటపడ్డారు.

మీకో లెక్క. చెన్నై విమానాశ్రయం ఇంచుమించు సముద్రమట్టంలోనే ఉంది. మీరు 33,000 అడుగుల ఎత్తున వస్తున్నారు, ఎదురుగాలి 30 నాట్లు. ఎన్ని మైళ్ళ దూరంలో దిగడం మొదలుపెట్టాలి?

(జవాబు: 99 కి 10 కలిపి, గాలి కోసం 10 తీసేస్తే 99 మైళ్ళు.)