మల్లుల ఆహారం: యువతకొక యోగ్యమైన వృత్తి

బాక్సింగులో మూడేసి నిమిషాల రౌండ్లు మూడు, కుస్తీలో మూడేసి నిమిషాల భాగాలు రెండు; ప్రేక్షకుని కంటబడు పోరాటమింతమాత్రమే కాగా, ఆ స్వల్పకాలంలో హరించిపోయిన శక్తిని మరల దేహంలో నింపుటకు, అలసి దెబ్బతిన్న కండరాలను చక్కబరచుటకు ఎంతటి శాస్త్రజ్ఞానం వలయునో ఎరిగిన విద్యార్థులు మనలో అరుదు. ఆ జ్ఞానమే జీవనోపాధిగా గల క్రీడాపోషకాహార నిపుణుని వృత్తి, జీవశాస్త్రమందు అభిరుచియు క్రీడలయందు ప్రేమయు గల యువతకు మిక్కిలి తగినదని నా దృఢాభిప్రాయం.

ఆ వృత్తిలోని నిత్యకృత్యమెట్టిదో చూడుడు. 60 కిలోల కుస్తీవీరుడొకడు ఉదయాభ్యాసం ముగించి, తడిబట్టలు విడిచి, ఒళ్లు తుడుచుకొని తూకమెక్కగా, బరువు కిలోన్నర తగ్గినదనుకొందము. అది కరిగిన కొవ్వు కాదు. దాదాపు అంతయు చెమటగా పోయిన నీరే. తగ్గిన ప్రతి కిలోకు లీటరుంబావు మొదలు లీటరున్నర వరకు, అనగా ఇతనికి సుమారు రెండు లీటర్లు, నీరును ఉప్పు వేసిన మజ్జిగయు కొద్దికొద్దిగా కొన్ని గంటలపాటు తాగించవలెను. సాయంత్రం మరల అభ్యాసమున్న దినాన, మొదటి నాలుగు గంటలలో గంటకు, దేహభారంలో ప్రతి కిలోకు 1 మొదలు 1.2 గ్రాముల పిండిపదార్థమందినచో కండరాలలో గ్లైకోజెన్ అను శక్తినిల్వ త్వరగా నిండును. ఒక కప్పు పెరుగన్నమును ఒక అరటిపండును తొలిగంటకు ఇంచుమించు సరిపోవును. రెండు కోడిగుడ్లు, ఒక గ్లాసు పాలు కలిసి సుమారు 20 గ్రాముల మాంసకృత్తులనిచ్చును. వెలగల పొడిడబ్బాల జోలికి పోకుండగనే, మన వంటింటి పదార్థాలతో ఈ లెక్క కుదుర్చి, క్రీడాకారుని తల్లికి సైతం బోధపడునట్లు చెప్పగలవాడే నిపుణుడు.

ఇక పోరాటక్రీడలలో అసలు కష్టమంతయు బరువు తరగతులలో ఉన్నది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 కిలోల కుస్తీలో ఒక్కదినాన మూడు పోటీలు గెలిచి ఫైనల్ చేరిన వినేశ్ ఫోగట్, మరునాటి ఉదయపు తూనికలో 100 గ్రాములు అధికముగా తూగినందున అనర్హురాలైనది. పోటీకి పోటీకి నడుమ తినక తాగక తప్పదు. తిన్నదియు తాగినదియు తెల్లవారుసరికి తూకంలో తేలకయు తప్పదు. ఈ సంకటం నడుమ నిలిచి నిర్ణయం చేయుట మిక్కిలి బరువైన బాధ్యత. బరువు తగ్గించుకొను తొందరలో నీరు మానివేసి, ఉక్కపోత గదులలో వ్యాయామం చేసి, 1997లో అమెరికాలో ముగ్గురు కళాశాల కుస్తీవీరులు కొద్దివారాల వ్యవధిలో ప్రాణాలు కోల్పోగా, అక్కడి నియమాలే మార్చవలసివచ్చినది. కావున ‘ఈ తరగతి నీకు తగదు, పైతరగతికి పొమ్ము’ అని శిక్షకుని ఎదుట చెప్పగల ధైర్యం కూడ ఈ చదువులో భాగమే.

ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివి, డిగ్రీలో పోషకాహారశాస్త్రం లేక హోమ్‌సైన్సు తీసికొనుట రాజమార్గం. తరువాత హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో ప్రవేశపరీక్షద్వారా క్రీడాపోషణలో ఎం.ఎస్సీ. చేయవచ్చును, ఆ సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహారపదార్థాల పట్టికలు ఈ వృత్తిలోనివారికి నిత్యం చేతనుండదగినవి. కొద్దివారాల ఆన్‌లైన్ సర్టిఫికెట్లను నమ్ముకొని ఈ పనికి దిగుట తగదని నేను గట్టిగా చెప్పుచున్నాను. ఏలయన, క్రీడాకారుని దేహంలో నిషిద్ధద్రవ్యం తేలినచో, అది అరకొర చదువువాని సలహాతో తెలియక తిన్న పొడినుండి వచ్చినను, దోషమాతనిదే యగును.

2022, 2023 సంవత్సరాలలో బాక్సింగులో ప్రపంచ విజేతయైన నిఖత్ జరీన్ మన నిజామాబాదు బిడ్డ. ఆమెను చూచి గ్లవ్సు తొడుగుచున్న బాలికలకు శిక్షకులు దొరకుచున్నారు గాని, ఆహారం చెప్పువారు అంతగా దొరకుట లేదు. ఈ మార్గమెంచుకొనదలచినవారు డిగ్రీ చదువుచుండగనే సమీపమందలి కుస్తీ, బాక్సింగు శిక్షణకేంద్రానికి పోయి, అభ్యాసానికి ముందు వెనుకల బరువులు తూచి వ్రాసిపెట్టు పని నాకిండని అడుగుడు.