బీపీ గోలి చేతికిచ్చే పద్ధతి

బీపీ ఉందని కొత్తగా తేలిన మనిషికి ముప్పై గోలీలు ఇవ్వడానికి అర నిమిషం చాలు. ఆ మనిషి ఆరో నెలలో కూడా గోలి మానకుండా ఉండాలంటే మాత్రం మొదటిసారి పది నిమిషాలు కేటాయించాలి. ఆ పది నిమిషాల్లో ఏ పని తర్వాత ఏ పని చేయాలో ఇక్కడ రాస్తున్నాను. పాలమూరు ప్రాంతంలోని తెలకపల్లి లాంటి మండల కేంద్రంలో మెడికల్ షాపు నడిపే ఫార్మసిస్టుకైనా, సర్కారు దవాఖానలో మందుల కిటికీ వెనక కూర్చునే ఫార్మసిస్టుకైనా ఇదే వరుస పనికొస్తుంది.

దీర్ఘకాలిక జబ్బులకు మందులు సరిగ్గా వాడేవాళ్ళు సంపన్న దేశాల్లోనే సగం మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో చెప్పింది. పేద దేశాల్లో ఇంకా తక్కువ. మన దగ్గర 1948 నాటి ఫార్మసీ చట్టం రిజిస్టర్డ్ ఫార్మసిస్టే మందు ఇవ్వాలంది. 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు మందు ఇవ్వడంతో పాటు రోగికి దాని గురించి వివరించడం కూడా ఫార్మసిస్టు పనేనని రాశాయి. అయినా సర్టిఫికెట్ గోడకు వేలాడుతూ, దాని మీద పేరున్న మనిషి ఇంకెక్కడో ఉండే షాపులు చాలా ఉన్నాయి. ఈ పద్ధతికి మొదట కావలసింది ఆ మనిషి కౌంటర్‌లో ఉండటం. అది లేకపోతే మిగతాదంతా వృథా.

ఆ తర్వాత కావలసినవి కొన్నే. కౌంటర్ చివర ఒక స్టూలు, బీపీ మిషను, నల్ల మార్కర్, కాగితపు కవర్లు, ఒక నోటుబుక్కు. స్టూలు చివరనే ఎందుకంటే, ఊళ్ళో అందరూ అందరికీ తెలిసినవాళ్ళే. వెనక నిలబడ్డ మనిషి వింటుంటే కల్లు సంగతి గాని, గోలి మానేసిన సంగతి గాని ఎవరూ నోరు విప్పి చెప్పరు.

మొదటి పని అడగడం. అమెరికాలో అక్కడి ఆదివాసుల కోసం నడిచే ఇండియన్ హెల్త్ సర్వీస్ ఫార్మసిస్టులు మూడు ప్రశ్నల పద్ధతి పెట్టుకున్నారు. మన మాటల్లో అవి ఇట్లా ఉంటాయి: "పెద్దమ్మా, ఈ గోలి దేనికని డాక్టర్ సార్ చెప్పిండు? ఎట్ల ఏసుకొమ్మన్నడు? ఏసుకుంటే ఏమైతదన్నడు?" జవాబు వచ్చేదాకా ఆగాలి. తెలిసింది మళ్ళీ చెప్పి విసిగించకుండా, తెలియని దగ్గరే మొదలుపెట్టడానికి ఈ ప్రశ్నలు. చిట్టీ పట్టుకొచ్చింది కొడుకో భర్తో అయితే, గోలి వేసుకోవలసిన మనిషిని ఒక్కసారైనా తోలుకరమ్మని చెప్పాలి.

రెండో పని, అడ్డం ఎక్కడుందో పట్టుకోవడం. ఇక్కడ ఒక పాత పరిశోధన బాగా పనికొస్తుంది. 1950లలో అమెరికాలో క్షయ పరీక్షకు ఎక్స్‌రే బండ్లు ఇళ్ళ దగ్గరికే పంపారు, పైసా తీసుకోలేదు, అయినా జనం అనుకున్నంతగా రాలేదు. ఎందుకు రాలేదని హాక్‌బామ్, రోజెన్‌స్టాక్, లెవెంతాల్ వంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు వెతికారు. అందులోంచి పుట్టిందే ఆరోగ్య విశ్వాస నమూనా. జబ్బు నాకు వస్తుందా, వస్తే ఎంత ముప్పు, మందుతో మేలెంత, దానికి నేను పడే ఇబ్బందెంత: మనిషి లోపల ఈ లెక్కలన్నీ వేసుకున్నాకే అడుగు వేస్తాడని దాని సారం. కదిలించే పిలుపు ఒకటి కూడా కావాలన్నారు. ఈ పని నా వల్ల అవుతుందన్న ధైర్యాన్ని, అంటే బందూరా 1977లో చెప్పిన సంగతిని, 1988లో దీనికి కలిపారు.

కౌంటర్ దగ్గర ఈ సిద్ధాంతం మనుషుల మాటల్లోనే వినిపిస్తుంది. "నాకేం బాధ లేదు సారూ, మంచిగనే ఉన్న" అంటే ముప్పు తన మీద ఉందని నమ్మలేదన్నమాట. "మొదలువెడితే చచ్చేదాక ఏసుకోవాల్నంట గదా" అంటే మేలు కంటే ఇబ్బంది పెద్దదిగా కనిపిస్తోంది. "మా మరిది ఏసుకుంటే కాళ్ళు వాసినయి" అంటే చూసి భయపడ్డారు. "నాకు యాది ఉండదు బిడ్డా" అంటే ధైర్యం చాలలేదు. నలుగురికీ ఒకే ఉపన్యాసం ఇస్తే ముగ్గురికి వృథా. అందుకని దొరికిన ఒక్క అడ్డం దగ్గరే సమయం పెట్టాలి.

ఎక్కువగా వినిపించేది మొదటి మాటే. బీపీ నొప్పి పెట్టదు. అందుకే అంకె చూపించాలి. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, కాళ్ళు నేలకు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, బట్ట మీద కాకుండా చర్మం మీద పట్టీ చుట్టి కొలవాలి. అరగంట లోపల చాయ్ తాగినా బీడీ కాల్చినా కొంతసేపు ఆగాలి. 160/100 వచ్చిందనుకోండి, ఆ అంకె నోటుబుక్కులో రాసి చూపించి, పక్కన 140/90 రాసి, దీని కిందికి తేవాలని చెప్పాలి. తలనొప్పి తగ్గిందా లేదా అన్నది కొలమానం కాదని అప్పుడు వాళ్ళకే తెలుస్తుంది.

కాలూ చెయ్యీ పడిపోతాయని భయపెట్టి పంపించడం మాత్రం చాలదు. ఇందాకటి లెవెంతాల్ 1965లో యేల్ విశ్వవిద్యాలయ విద్యార్థులతో ధనుర్వాతం టీకా మీద ఒక ప్రయోగం చేశాడు. భయం ఎంత పెంచినా ఒట్టి మాటలు విన్నవాళ్ళలో టీకాకు పోయింది 3 శాతమే. టీకా ఇచ్చే చోటు పటం ఇచ్చి, ఏ రోజు ఏ సమయంలో పోతారో ఆలోచించుకొమ్మని చెప్పినవాళ్ళలో దాదాపు 28 శాతం పోయారు. భయం ఒక్క మాటలో చెప్పి, దారి చెప్పడానికి మిగతా సమయమంతా వాడాలని దీని నుంచి నేను నేర్చుకున్నాను.

ఆ దారి రోగి దినచర్యలోంచే రావాలి. "రోజుకొకటి" అంటే కుదరదు. పత్తి ఏరడానికి పొద్దుగాలే ఆటో ఎక్కే మనిషిని, ఎక్కేముందు ఏం చేస్తవని అడగండి. జొన్న రొట్టె తిని, చద్ది కట్టుకుని, చెంబుడు నీళ్ళు తాగి పోతానంటే, ఆ చెంబు పక్కనే గోలి పెట్టుకొమ్మనాలి. బీపీకి ఇచ్చే ఆమ్లోడిపిన్ గోలి అన్నం తిన్నాక వేసుకున్నా తినక ముందు వేసుకున్నా ఫరవాలేదు గనుక ఇది సాధ్యం. ఒక పూట మరిచిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి. మరునాడు గుర్తొస్తే పోయింది పోయినట్టే, రెండు కలిపి వేసుకోకూడదు. ఈ మందు పూర్తిగా పనిచేయడానికి వారం, రెండు వారాలు పడుతుందని కూడా చెప్పాలి. లేకపోతే నాలుగో రోజు బీపీ చూయించుకుని, తగ్గలేదని బంద్ పెడతారు.

తర్వాత కవరు. చదువు రానివాళ్ళ కవరు మీద పొద్దుటికి సూర్యుడు, రాత్రికి చంద్రుడు గీయాలి. స్ట్రిప్పు కత్తిరించవలసి వస్తే మందు పేరు, గడువు తేదీ ఉన్న వైపు రోగికే పోయేట్టు కత్తిరించాలి. షుగర్ గోలి, బీపీ గోలి రెండూ తెల్లగా గుండ్రంగా ఉంటే వేర్వేరు కవర్లలో ఇవ్వాలి. కిందటి నెల ఇచ్చిన కంపెనీ మారితే "రంగు మారింది, మందు అదే" అని ఎదుటే చూపించాలి. లేదంటే ఇంట్లో పాతదీ కొత్తదీ రెండూ వేసుకుంటారు.

మన ప్రాంతంలో తప్పక అడగవలసింది ఒళ్ళునొప్పుల గోలీల గురించి. పొద్దంతా వంగి పనిచేసిన కూలీలు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి పప్పుబెల్లాల్లా కొనుక్కుంటారు. అవి బీపీని పెంచుతాయి, కిడ్నీలకూ చేటు. అవి అమ్మేది కూడా మన కౌంటరే గనుక ఈ బాధ్యత నూటికి నూరు పాళ్ళూ మనది. బీపీ ఉందని నోటుబుక్కులో ఉన్న మనిషికి చిట్టీ లేకుండా అవి ఇవ్వకూడదు. ఉప్పు రోజుకు అయిదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు, దాటొద్దని చెబితే తలూపి పోతారు. రొట్టెలోకి తొక్కు రెండు పూటలా కాక ఒక పూటే వేసుకొమ్మంటే పాటించే వీలుంది.

లేచే ముందు వాళ్ళచేత చెప్పించాలి. "ఇంటికి వోయినంక కోడలికి ఎట్ల చెప్తవో నాకు చెప్పు పెద్దమ్మా." తడబడితే మనం సరిగ్గా చెప్పలేదని అర్థం, మళ్ళీ చెప్పాలి. పాదాలు వాస్తే, నెత్తి తిరిగితే గోలి బంద్ పెట్టకుండా మొదట మన దగ్గరికో డాక్టర్ దగ్గరికో రమ్మనాలి. మోతాదు మార్చడం, మందు మార్చడం డాక్టర్ పని. మనం చిట్టీ వెనక అంకెలు రాసి పంపిస్తే ఆయనకు సాయం. మూతి వంకర పోయినా, ఒక పక్క చెయ్యి లేవకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా 108కి ఫోన్ చేయమని ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పాలి.

ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ అనే బీపీ అదుపు కార్యక్రమం 2017లో అయిదు రాష్ట్రాల్లో మొదలైంది, వాటిలో తెలంగాణ ఒకటి. రోగికొక కార్డు, రావలసిన తేదీ, రాకపోతే వెతకడం ఆ కార్యక్రమంలో ముఖ్యమైన పనులు. షాపు నోటుబుక్కు కూడా అట్లాగే నడవాలి. గోలీలు అయిపోవడానికి మూడు రోజుల ముందు తేదీ రాసి, ఆ రోజు ఫోన్ చేయాలి.

రెండో నెల రాకడ మొదటిదానికన్నా ముఖ్యం. "అన్నీ ఏసుకున్నవా?" అంటే ఎవరైనా ఏసుకున్ననే అంటారు. "శానమందికి నెలల కొన్ని తప్పుతయి, నీకెన్ని తప్పినయి?" అని అడిగితే నిజం బయటికొస్తుంది. సిగరెట్ మానేవాళ్ళను గమనించిన ప్రొచాస్కా, డిక్లెమెంటే అనే పరిశోధకులు అలవాటు మెట్టుమెట్టుగా మారుతుందనీ, మధ్యలో జారడం మామూలేననీ చూపించారు. కాబట్టి గోలి మానేసి మూడు నెలల తర్వాత వచ్చిన మనిషిని తిట్టకూడదు. తిడితే ఇంకో షాపుకు పోతారు, లేదా ఎక్కడికీ పోరు. బీపీ కొలిచి, ఎక్కడ ఆగిపోయిందో కనుక్కుని, డాక్టర్‌కు చూపించి మళ్ళీ మొదలుపెట్టించాలి.

పాలమూరు మనుషులకు ఆగిపోయేది ఎక్కువగా వలస దగ్గరే. ముంబై, పుణె, హైదరాబాద్ పోయే కూలీలకు బయల్దేరే వారం ముందే రమ్మని చెప్పి పెట్టుకోవాలి. డాక్టర్ ఒప్పుకుంటే రెండు నెలల మందు కట్టివ్వాలి. కాగితం మీద కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు, మోతాదు ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాసివ్వాలి. ఏ ఊళ్ళోనైనా జన్ ఔషధి దుకాణంలో ఆ పేరుతో అడిగితే తక్కువ ధరకు దొరుకుతుంది. అదే కాగితం మీద చివరిసారి బీపీ, మన ఫోన్ నంబరు రాసి, చిట్టీతో కలిపి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, ఆధార్ కార్డు ఎక్కడ దాచుకుంటారో అక్కడే దాచుకొమ్మనాలి.