పామా? తాడా?

పలాస ఊరు జీడిపప్పుకు పేరు. అక్కడ జీడి ఫ్యాక్టరీలలో ఎంతోమంది ఆడవాళ్ళు పని చేస్తారు. గింజలు పగలగొడతారు. పప్పు మీది పొట్టు తీస్తారు. గింజ పెంకులోని జిడ్డు తగిలి చేతులు నల్లబడతాయి.

అమ్మాజీ తల్లిదీ అదే పని. భర్త లేడు. ఆ నల్లని చేతులతోనే కూతురిని చదివించింది. అమ్మాజీ డిగ్రీ పూర్తి చేసింది. విశాఖపట్నంలో యూనివర్సిటీ చదువుకు వెళ్ళింది. వీధి వీధంతా సంతోషించింది.

పరీక్షలు దగ్గరకొచ్చాయి. ఒకరోజు అమ్మాజీ క్లాసులో కూర్చుంది. ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. ఊపిరి అందలేదు. వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఒళ్ళంతా చెమట. "నేను చచ్చిపోతున్నాను" అనుకుంది. బయటకు పరుగెత్తింది. పావుగంటకు దడ తగ్గింది.

స్నేహితురాళ్ళు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. గుండె పరీక్ష చేశారు. రక్తం పరీక్ష చేశారు. అన్నీ బాగున్నాయి. "నీకు ఏమీ లేదు, వెళ్ళు" అన్నారు. ఏమీ లేకపోతే ఆ దడ ఏమిటి? అది ఎవరూ చెప్పలేదు.

వారం తిరగకుండా దడ మళ్ళీ వచ్చింది. బస్సులో ఒకసారి. మెస్సులో ఒకసారి. అమ్మాజీ బస్సు ఎక్కడం మానేసింది. క్లాసులో తలుపు పక్కనే కూర్చునేది. కొన్నాళ్ళకు క్లాసుకు వెళ్ళడమే మానేసింది. దడ రాని రోజు కూడా "వస్తుందేమో" అని భయమే.

సంక్రాంతికి ఇంటికి వచ్చింది. "నేను చదవలేనమ్మా. తిరిగి వెళ్ళను" అంది.

తల్లి గుండె జారిపోయింది. ఇరుగుపొరుగు తలో మాట అన్నారు. "గాలి సోకింది" అంది ఒకామె. "చదువు ఎక్కువైపోయింది. పెళ్ళి చేసెయ్, అదే కుదురుతుంది" అన్నాడు మేనమామ. తల్లి తాయెత్తు కట్టించింది. దిష్టి తీసింది. దడ ఆగలేదు.

ఒక రాత్రి ఇంట్లోనే దడ వచ్చింది. తల్లి కళ్ళారా చూసింది. పిల్ల గజగజ వణికిపోయింది. "ఇది నాటకం కాదు" అని తల్లికి తెలిసింది.

మర్నాడు నర్సమ్మతో చెప్పింది. "పెద్దాసుపత్రిలో మనసు డాక్టరు ఉంటారు. చూపించు పిన్నీ" అంది నర్సమ్మ.

"నా పిల్లకు పిచ్చేటి?" అంది తల్లి కోపంగా.

"పిచ్చి కాదు పిన్నీ. జ్వరం వస్తే చూపించుకోమా? ఇదీ అంతే."

డాక్టరమ్మ చెప్పిన మాట

డాక్టరమ్మ అమ్మాజీ చెప్పిందంతా విన్నది. తరవాత తల్లిని అడిగింది.

"చీకట్లో దారికి అడ్డంగా తాడు పడి ఉంది. నువ్వు పాము అనుకున్నావు. అప్పుడు నీకు ఎలా ఉంటుంది?"

"గుండె దడదడలాడతాది. కాళ్ళు వణుకుతాయి. చెమటలు పడతాయి."

"అక్కడ పాము ఉందా?"

"లేదమ్మా, తాడే."

"మరి నీ దడ అబద్ధమా?"

తల్లి ఆలోచించింది. "కాదమ్మా. దడ నిజమే."

"నీ కూతురికీ అంతే. పాము లేదు. కానీ దడ నిజం."

ఆపద వస్తే మన ఒళ్ళు పరుగుకు సిద్ధమవుతుంది. అందుకే గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఊపిరి వేగం పెరుగుతుంది. ఊపిరి మరీ వేగంగా తీస్తే తల తిరుగుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఒక్కోసారి ఆపద లేకుండానే ఒళ్ళు ఇలా చేస్తుంది. ఇది మందుతో, మాటతో తగ్గే జబ్బు. దీని దడ సముద్రపు అల లాంటిది. లేస్తుంది. పది నిమిషాలలో పై ఎత్తుకు చేరుతుంది. తరవాత విరిగిపోతుంది.

"దడ వచ్చినచోటు నుంచి పారిపోతే ఏమవుతుంది? అక్కడ పాము ఉందనే మనసు నమ్ముతుంది. నిలబడి చూస్తేనే తాడు అని తెలుస్తుంది" అంది డాక్టరమ్మ.

మందు రాసింది. "మందు పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది. నన్ను అడగకుండా మానకూడదు" అంది. వారం వారం మాట్లాడటానికి రమ్మంది.

మళ్ళీ క్లాసుకు

తల్లి ఫ్యాక్టరీకి సెలవు పెట్టింది. కూతురితో రైలెక్కింది. మొదటి రోజు ఇద్దరూ క్లాసు గుమ్మం దాకా వెళ్ళి వచ్చారు. రెండో రోజు అమ్మాజీ పది నిమిషాలు లోపల కూర్చుంది. తరవాత గంట. తరవాత పూటంతా.

దడ ఒక్కసారిగా పోలేదు. పరీక్ష హాలులో కూడా వచ్చింది. అమ్మాజీ లేచి పోలేదు. కలం కింద పెట్టింది. మెల్లగా ఊపిరి వదిలింది. "ఇది అల. విరిగిపోతుంది" అనుకుంది. అల విరిగింది. మళ్ళీ కలం పట్టింది.

ఆ ఏడు ఒక పరీక్ష తప్పింది. మళ్ళీ రాసింది. పాసైంది.

దడ వచ్చినప్పుడు

1. కూర్చోండి. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీయండి. ఆరు లెక్కపెడుతూ వదలండి.
2. "ఇది దడే. ఇది తగ్గుతుంది" అనుకోండి.
3. పక్కనున్నవారు తిట్టకూడదు. "నాటకం" అనకూడదు. చెయ్యి పట్టుకుని కూర్చోవాలి.
4. దడ మొదటిసారి వచ్చినా, గుండెలో నొప్పి ఉన్నా, ముందు గుండె పరీక్ష చేయించాలి. నొప్పి తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి.
5. టీ, కాఫీలు తగ్గించాలి. వేళకు నిద్రపోవాలి.
6. "చచ్చిపోవాలని ఉంది" అని ఎవరైనా అంటే ఒంటరిగా వదలకూడదు. వెంటనే సాయం పిలవాలి.

మనసు బాధ చెప్పుకోవడానికి ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలి మానస్ మొదలుపెట్టింది. ఫోన్ నంబరు 14416. రాత్రీ పగలూ మాట్లాడతారు. తెలుగులో చెప్పుకోవచ్చు. డబ్బు కట్టక్కరలేదు.

మాట్లాడుకోండి

1. అమ్మాజీ బస్సు ఎక్కడం ఎందుకు మానేసింది? మానేశాక భయం తగ్గిందా, పెరిగిందా?
2. మేనమామ మాట విని ఉంటే ఏమయ్యేది?
3. మీకు ఎప్పుడైనా ఇలా దడ వచ్చిందా? ఎవరికి చెప్పారు?

చదవండి, రాయండి

దడ, ఊపిరి, తిమ్మిరి, మనసు, ధైర్యం

14416. ఈ నంబరును ఇంటి గోడ మీద అందరికీ కనబడేలా రాయండి.