కండె సడలితేనే కదిలే జన్యువు

రొట్టెపిండిని పొంగించేదీ, తాటికల్లును పులియజేసేదీ ఈస్టు అనే ఏకకణజీవి. ఈ అల్పప్రాణికీ మానవునికీ కణనిర్మాణంలో ఎంతో సామ్యం ఉన్నది. ఆ సామ్యం వల్లనే, చక్కెరను జీర్ణించుకోలేని ఈస్టును గురించిన ఒక చిన్న ప్రశ్న కాలక్రమాన పసిపిల్లల కేన్సరు రహస్యం వరకు దారి చూపింది.

ఈస్టు కణంలో 16 క్రోమోజోములు, సుమారు 6,000 జన్యువులు ఉన్నవి. దాని డి.ఎన్.ఏ.ను సాగదీసి కొలిస్తే దాదాపు 4 మిల్లీమీటర్ల పొడవుంటుంది. అది ఇమడవలసిన కణకేంద్రకపు వ్యాసమో, మిల్లీమీటరులో ఐదువందలవ వంతు! ఇందుకు ప్రకృతి పన్నిన ఉపాయం నేతగాని కండెను తలపిస్తుంది. హిస్టోనులనే ప్రోటీన్లు ఎనిమిది కలిసి ఒక కండెగా ఏర్పడతాయి. 147 అక్షరజతల నిడివి గల డి.ఎన్.ఏ. దారం దాని చుట్టూ ఒకటిన్నర చుట్లకు పైగా చుట్టుకొంటుంది. దీనికే న్యూక్లియోసోము అని పేరు. ఈ నిర్మాణాన్ని 1974లో రోజర్ కార్న్‌బర్గ్ ప్రతిపాదించాడు. ఇట్టి కండెల వరుసయే క్రోమాటిన్.

అయితే ఇక్కడొక చిక్కున్నది. జన్యువులోని సందేశం ఆర్.ఎన్.ఏ.గా నకలు కావడాన్ని అనులేఖనం అంటారు. ఆ పని చేసే ఎంజైము జన్యువు ఆరంభస్థానం వద్ద కుదురుకోవాలి. ఆ స్థానం కండెకు చుట్టుకొని ఉంటే దానికి చోటు దొరకదు. 1987లో కార్న్‌బర్గ్ బృందం పరీక్షనాళికలో దీనిని నిరూపించింది. మరి సజీవకణంలో చుట్టు విప్పేదెవరు?

సమాధానం చక్కెర నుండి వచ్చింది. గ్లూకోజు తరిగిపోయినప్పుడు ఈస్టు ఇన్వర్టేజ్ అనే ఎంజైమును తయారుచేసి, చెరకు చక్కెరను విడగొట్టుకొంటుంది. ఆ శక్తి కోల్పోయిన ఈస్టులను మేరియన్ కార్ల్‌సన్ బృందం ఏరి, 1984లో వాటిలో లోపించిన 'స్నిఫ్' జన్యువులను గుర్తించింది. అదే కాలంలో ఇరా హెర్స్కోవిట్జ్ బృందం, ఈస్టు తన లైంగికరూపాన్ని మార్చుకొనే తీరును పరిశీలిస్తూ 'స్విచ్' జన్యువులను కనుగొన్నది. తరువాత తేలిందేమంటే, రెండు జాబితాలలోనూ ఉన్న ఒక ముఖ్య జన్యువు ఒక్కటే!

1992లో మరొక కీలక ప్రయోగం జరిగింది. స్నిఫ్ లోపించిన ఈస్టులోనే, కండెలకు కావలసిన హిస్టోను జన్యువులను కొన్నిటిని తొలగించారు. ఇన్వర్టేజ్ జన్యువు మళ్లీ మేల్కొన్నది. విప్పేవాడు లేకపోయినా కట్లు తగ్గితే పని సాగింది. కనుక స్నిఫ్ ప్రోటీన్ల కర్తవ్యం ఆ కట్లను సడలించడమే అన్నమాట. 1994లో ఈ ప్రోటీన్ల సముదాయాన్ని శుద్ధిచేయగా, అది ఏ.టి.పి. శక్తిని ఖర్చుపెట్టి కండెపై దారాన్ని లాగే యంత్రమని క్రమంగా రూఢి అయింది. ఆ లాగుడుకు కండె పక్కకు జరుగుతుంది, లేదా పూర్తిగా ఊడిపోతుంది. ఆరంభస్థానం బయటపడుతుంది.

ఈ యంత్రం ఎక్కడ పడితే అక్కడ పనిచేయదు. జన్యువును ప్రేరేపించే ప్రోటీన్లు దానిని తగిన చోటికి పిలుస్తాయి. హిస్టోనుల తోకలపై అంటించిన అసిటైల్ గుర్తులు దానికి పట్టునిస్తాయి. ఈస్టులో అన్ని జన్యువులకూ స్విచ్-స్నిఫ్ అవసరం లేదు. దానికి జ్ఞాతియైన 'ఆర్.ఎస్.సి.' అనే మరొక యంత్రం మాత్రం లేకపోతే ఈస్టు జీవించనే లేదు.

ఇవే యంత్రాలు మానవకణాలలోనూ ఉన్నవి. 1998లో, పసిబిడ్డలకు వచ్చే రాబ్డాయిడ్ కణితి అనే ఘోరమైన కేన్సరులో, ఈస్టు 'స్నిఫ్-5'కు సమానమైన మానవజన్యువు నశించి ఉన్నట్లు కనుగొన్నారు. మానవుల కణితులలో ఇంచుమించు ఐదింట ఒకదానిలో ఈ సముదాయపు జన్యువులలో ఏదో ఒకటి మార్పు చెంది ఉన్నదని తదుపరి పరిశీలనలు తెలిపాయి. అనులేఖన యంత్రాంగాన్ని అణువణువునా చిత్రించిన కార్న్‌బర్గ్‌కు 2006లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఆయన పరిశోధనకు ఆధారమైనదీ ఈ ఈస్టే.

చక్కెర తినలేని ఈస్టును ఏరినవారు కేన్సరును వెదకలేదు. జన్యువు ఎట్లా మేల్కొంటుందని మాత్రమే అడిగారు. ప్రశ్న సూటిగా ఉంటే, సమాధానం ఎంత దూరమైనా ప్రయాణిస్తుంది.