కారునకు చెవులు

పల్లెటూరి పిల్లలలో నూతిలోనికి తొంగిచూచి కేక వేయనివారుండరు. మనము "ఓ" యని పిలిచినచో నూయి కూడ "ఓ" యని పలుకును. లోపల నెవరో దాగియున్నారని పసివాండ్రు భ్రమపడుదురు. నిజమునకు అది వారి గొంతే. నీటిని, రాతి వరలను తాకి మరలివచ్చిన ధ్వనియే. దానికి ప్రతిధ్వని యని పేరు. నూయి ఎంత లోతైన, ప్రతిధ్వని అంత ఆలస్యముగా వచ్చును. కావున ఆ ఆలస్యమును కొలువగలిగినచో లోతును గూడ చెప్పవచ్చును. ఈ చిన్న సత్యము మా ఇంట నొక పసిపాపకు కావలి యైన విధమును మీకు చెప్పెదను.

మా మామయ్య తెనాలిలో పుస్తకముల దుకాణము నడపుచున్నాడు. ఆయనకొక పాత ఎస్టేటు కారు కలదు. చాల కార్లలో సామానులు పెట్టు డిక్కీ వెనుక వేరుగా నుండును. ఎస్టేటు కారు అట్టిది కాదు. దాని పైకప్పు తుదివరకు సాగియుండును. వెనుకనున్న పెద్ద తలుపు పైకి తెరచుకొనును. అందు మనుష్యులతోపాటు మూటలు, పెట్టెలు ఎన్నియైన పట్టును. వర్తకునకు ఇది మిక్కిలి సౌకర్యము. కాని పుస్తకముల కట్టలు పైకప్పుదాక పేర్చినప్పుడు వెనుక అద్దము మూసికొనిపోవును. ప్రక్క అద్దములు ప్రక్కలనే చూపును. కారునకు సరిగా వెనుక నేమున్నదో నడపువానికి తెలియదు.

ఒక వేసవి సెలవులలో నేను మామయ్య ఇంట నుంటిని. ఒకనాటి ఉదయమున ఆయన కారునిండ కట్టలు నింపి, చుట్టును ఒకమారు పరికించి, లోపల కూర్చుండి, వెనుకకు నడపసాగెను. ఆ సమయముననే మామయ్య కూతురు, నాలుగేండ్ల పాప, దొరలిపోయిన బంతికొరకు పరుగెత్తి కారు వెనుక వంగినది. అరుగుమీద కూర్చుండి బియ్యములో రాళ్ళేరుచున్న అమ్మమ్మ అది చూచి, చేట విసరివైచి, "ఆపరా నాయనా! ఆపు!" అని కేక వేసెను. కారు ఆగినది. బంపరునకును పాపకును నడుమ జానెడు ఎడము మాత్రమే యున్నది.

ఎవరికిని నోట మాట రాలేదు. మామయ్య దిగివచ్చి, పాపను గుండెలకు హత్తుకొని, మెట్లమీద కూలబడెను. ఆయన చేతులు వణకుచుండెను. పాపకు మాత్రము ఏమియు తెలియదు. బంతి దొరకినదని నవ్వుచుండెను. ఆనాడు మామయ్య దుకాణమునకు నడచియే పోయెను.

ఆ రాత్రి భోజనముల వేళ ఆయన అమ్మమ్మతో, "అమ్మా! నేను చూడకపోలేదు. చూచిన తరువాతనే కారెక్కితిని. చూచుటకును కదలుటకును నడుమనున్న ఆ కొద్దిపాటి సమయములో పాప వచ్చినది. ఆ సమయమున కావలి యుండునది ఏదైన కావలెను" అనెను. మన దేశమున 2019 జూలై 1వ తేదీ నుండి తయారగు ప్రతి కొత్త కారునకు వెనుక పార్కింగు సెన్సార్లు తప్పక ఉండవలెనని ప్రభుత్వము నియమము చేసినది. మామయ్య కారు అంతకు పూర్వపుది. అట్టి వానికి సెన్సార్లను వేరుగా కొని అమర్చుకొనవలెను.

రెండు దినముల పిమ్మట కార్ల విద్యుత్ పనులు చేయు మేస్త్రీ యొకడు వచ్చెను. అతడు తెచ్చిన పెట్టెలో రూపాయి బిళ్ళవంటి నల్లని గుండీలు నాలుగు, వానికి పొడవైన తీగలు, చేతిలో నిముడునంతటి నియంత్రణపు పెట్టె యొకటి, చిన్న బజరు, గుండ్రని రంపము ఉండెను.

"ఇవి కారునకు కన్నులా?" అని అడిగితిని.

"కాదు బాబూ, ఇవి చెవులు. నోళ్ళు కూడ ఇవియే" అని మేస్త్రీ నవ్వెను.

ఆ మాట భావము నాకు పిమ్మట తెలిసినది. ప్రతి గుండీలోను పింగాణి జాతికి చెందిన పలుచని బిళ్ళ యుండును. విద్యుత్తు నిచ్చినచో అది కంపించి ధ్వని పుట్టించును. ధ్వని వచ్చి తాకినచో కంపించి విద్యుత్తు పుట్టించును. కొన్ని స్ఫటికములను ఒత్తినచో విద్యుత్తు పుట్టునని ఫ్రాన్సు దేశమున జాక్ క్యూరీ, పియేర్ క్యూరీ అను అన్నదమ్ములు 1880లో కనుగొనిరి. విద్యుత్తు నిచ్చినచో అవి కదలుననియు మరుసటి యేడు నిరూపించిరి. నాటి ప్రయోగశాలలోని వింత నేడు కారు బంపరులో కూర్చున్నది.

ఈ గుండీలు వేయు కేక మనకు వినబడదు. మన చెవి సెకనుకు సుమారు 20,000 కంపనములవరకే గ్రహించును. ఇవి సాధారణముగా సెకనుకు 40,000 కంపనముల ప్రాంతమున పలుకును. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును. వెనుక ఒక మీటరు దూరమున గోడ యున్నచో ధ్వని పోయివచ్చుటకు 2 మీటర్లు నడువవలెను. అందులకు పట్టు కాలము సెకనులో వెయ్యవవంతులు ఆరింటికంటె కొంచెము తక్కువ. నియంత్రణపు పెట్టె ఆ కాలమును కొలిచి దూరమును లెక్కించును. దూరము తగ్గినకొలది బజరు త్వరత్వరగా మ్రోగును.

ఈ విద్యలో మనకంటె ముందుగా ఆరితేరినది గబ్బిలము. కటిక చీకటిలో గుడ్లగూబ సైతము తడబడుచుండగా గబ్బిలము ఎట్లు తప్పించుకొని యెగురుచున్నదని ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు స్పల్లంజాని 1793లో పరిశోధించెను. చెవులు మూసిన గబ్బిలములు అడ్డములను ఢీకొనునని జెనీవా నగరపు జ్యూరీన్ కనుగొనెను. చెవులతో చూచుటా యని ఆనాటివారు నమ్మలేదు. 1938లో అమెరికాలో గ్రిఫిన్ అను యువకుడు తగిన పరికరముతో ఆలకించినప్పుడు, గబ్బిలములు మనకు వినబడని ధ్వనులు చేయుచున్నవని తేలినది.

ఇక అమర్చిన విధము చెప్పెదను. మేస్త్రీ మొదట బ్యాటరీ మైనసు తీగను ఊడదీసెను. తరువాత మామయ్యతో, "అయ్యా! ఈ బండి ఎప్పుడును ఇట్లు ఖాళీగానే యుండునా?" అని అడిగెను. ఉండదని మామయ్య చెప్పగా, పుస్తకముల కట్టలన్నియు తెచ్చి నింపుమనెను. నింపగానే కారు వెనుక భాగము నాలుగు వ్రేళ్ళమేర క్రుంగినది.

"చూచితిరా? ఖాళీ బండిని చూచి గుర్తు పెట్టినచో, బరువు వేసిన నాడు ఈ చెవులు నేలను వినును. ఏమియు లేకున్నను మ్రోగును. ఊరక మ్రోగుదానిని మనిషి నాలుగు దినములలో లెక్కచేయుట మానివేయును" అనెను. కారునకు సెన్సార్లు ఎంత ముఖ్యమో, వాని మాటయందు నమ్మకము అంత ముఖ్యమని నాకు అప్పుడు తోచినది.

బరువుతో నున్నప్పుడు కూడ నేలకు మరీ దగ్గరగా రాకుండునట్లు ఎత్తు నిర్ణయించి, బంపరుమీద కాగితపు టేపు అంటించి, పెన్సిలుతో నాలుగు గుర్తులు పెట్టెను. గుర్తుల వెనుక ఇనుప పట్టీ యేదైన ఉన్నదేమోనని క్రిందినుండి చేతితో తడవి చూచెను. "రంధ్రము పడిన తరువాత పూడ్చుట మన తరము కాదు. నిదానమే ప్రధానము" అనుచు మరల కొలిచెను. చిన్న రంధ్రము వేసి, దానినే ఆధారముగా గొని గుండ్రని రంపముతో మెల్లగా కోసి, అంచులను నునుపుచేసెను. ప్రతి గుండీ వెనుకను పైవైపు తెలుపు బాణపు గుర్తు కలదు. మూడవ గుండీని అమర్చు భాగ్యము నాకు దక్కినది.

ఈ సెన్సార్లకు విద్యుత్తు వెనుకకు పోవునప్పుడు వెలుగు దీపపు తీగనుండి తీసికొందురు. కావున రివర్సు గేరు వేసినప్పుడు మాత్రమే అవి మేల్కొనును. మామయ్య కారులో ఆ దీపము వెనుక తలుపునందే యున్నది. తలుపు తెరచినప్పుడెల్ల తీగ వంగును. వదలుగా విడిచినచో నలిగి తెగును. అందుచేత మేస్త్రీ ఆ తీగను తలుపు మడతబందు వద్దనున్న రబ్బరు గొట్టము గుండా ఓపికతో దూర్చెను. ఎడమనుండి కుడికి వరుస తప్పకుండ నాలుగు తీగలను పెట్టెకు తగిలించెను.

బ్యాటరీ కలిపి గేరు వేయగానే బజరు మ్రోగసాగెను. వెనుక ఏ అడ్డమును లేదు! నేను బిత్తరపోయితిని. మేస్త్రీ ఒక్కొక్క తీగను తీసి చూచి, మూడవ దానివద్ద ఆగి నా వంక చూచెను. నేను దానిని బాణపు గుర్తు క్రిందికి వచ్చునట్లు తలక్రిందుగా పెట్టితిని. అది నేలను వినుచుండెను. సరిచేయగానే బజరు నిశ్శబ్దమయ్యెను. తప్పు నాదే యని ఒప్పుకొంటిని. మేస్త్రీ కోపపడక, "మంచిదే బాబూ! ఇక జన్మలో మరువవు" అనెను.

తరువాత పరీక్షలు జరిపితిమి. గోడవద్దకు కారు పోవుచుండగా మీటరున్నర దూరమునుండియే బజరు పలికినది. దగ్గరకు రాగా విడువక మ్రోగినది. కేక వేసిన పిమ్మట గుండీలోని బిళ్ళ, కొట్టిన గంటవలె, కొంచెముసేపు అదరుచునే యుండును. అంతవరకు అది ప్రతిధ్వనిని వినజాలదు. కావున అడ్డము 30 సెంటీమీటర్ల లోపునకు వచ్చినచో, ఇక కొలువక, ఆగుమని ఎడతెగక మ్రోగుటయే దాని పద్ధతి.

అంతలో మేస్త్రీ, "వినునవి చూచితిరి. విననివి కూడ చూడుడు" అని ఒక సన్నని ఇనుప తీగను నిలువుగా పాతెను. బజరు పలుకలేదు. ఏటవాలుగా వంచిన పలకను పెట్టెను. ధ్వని వేరొక దిక్కునకు చెదరిపోయినది గాని తిరిగి రాలేదు. వీథి వాకిట మూతలేని మురుగు కాలువవైపు నడపించెను. బజరు మౌనముగా నుండెను. గోతికి గొంతు లేదు గదా! ఏమియు లేనిచోటునుండి ప్రతిధ్వని రాదు.

మామయ్య ఏమియు మాటలాడక లోనికి పోయి, ఒక దూది దిండునకు పాప గౌను తొడిగి తెచ్చి, కారు వెనుక నిలిపెను. గోడను మీటరున్నరనుండి విన్న చెవులు ఆ దిండును మీటరు దూరమునకు వచ్చిన పిదప గాని వినలేదు. దూదియు, బట్టయు ధ్వనిని మ్రింగివేయును. మామయ్య మొగము వాడిపోయినది.

"అయ్యా! గంటకు 5 కిలోమీటర్ల వేగమన నడక వేగమే. ఆ వేగమున కూడ బండి సెకనుకు దాదాపు 1.4 మీటర్లు పోవును. బజరు విని కాలు బ్రేకుమీద వేయుటకు ఒక సెకను పట్టినచో ఏమగును?" అని మేస్త్రీ అడిగెను. ఎవరును బదులు చెప్పలేదు. లెక్క అందరికిని తెలిసినది.

ఆనాటినుండి మామయ్య ఇంట కొన్ని కట్టుబాట్లు ఏర్పడినవి. కారెక్కుటకు ముందు చుట్టును నడచి వంగి చూడవలెను. కట్టలను అద్దమునకు అడ్డుగా పేర్చరాదు. కారు కదలునప్పుడు పాప ఎవరో ఒకరి చేయి పట్టుకొని యుండవలెను. వెనుకకు పోవునప్పుడు కారు నడకకంటె మెల్లగా కదలవలెను. బజరు పలికిన వెంటనే, కారణము వెదకక, ముందుగా ఆగవలెను. వారమునకొకమారు గుండీలమీది బురద తుడుచు పని నాకు అప్పగించిరి.

మరునాడు మామయ్య చుట్టును నడచి, వంగి చూచి, కారెక్కెను. అమ్మమ్మ అరుగుమీద యథాప్రకారము బియ్యమేరుచుండెను. పాప ఆమె ఒడిలో కూర్చుండి, బజరు మ్రోతలను "ఒకటి, రెండు" అని లెక్కించుచుండెను. అమ్మమ్మ చేతులు బియ్యమునందే యున్నవి. చూపు మాత్రము కారు వీథిలోనికి పోవువరకు దానిని విడువలేదు.

"ఇంకను భయమేల అమ్మమ్మా? కారునకు చెవులు వచ్చినవి గదా?" అంటిని.

"చెవులు వచ్చినవి నాయనా, సంతోషమే. ఆ చెవులు వినినదానిని విని ఆగవలసినవాడు మనిషే గదా!" అని ఆమె మరల చేట చేతబట్టెను.

ప్రశ్నలు

1. ప్రతిధ్వనివలన దూరమును కొలుచుట ఎట్లు?
2. మేస్త్రీ కారులో పుస్తకముల కట్టలు నింపుమని ఎందుకు కోరెను?
3. సెన్సార్లు ఏయే వస్తువులను సరిగా గుర్తింపజాలవు? కారణములు తెలుపుము.
4. దిండునకు పాప గౌను తొడిగి మామయ్య చేసిన పరీక్షవలన ఏమి తెలిసినది?