ఉపయుక్త గ్రంథసూచి – కంప్యూటర్‌లో భద్రపరచుకునే విధానం

హాస్టల్లో చేరిన మొదటి వారంలోనే పెద్ద తరగతుల అన్నలు మనకు చెప్పే మాట ఒకటుంది: "కంచం మీద పేరు చెక్కించుకోరా!" అని. చెక్కించుకోనివాడి కంచం నెల తిరక్కుండా ఎవరిదో తెలియని కంచాల్లో కలిసిపోతుంది. పి.జి. చదివాక మాకు తెలిసిందేమంటే, పుస్తకంలో చదివిన మాట కూడా కంచం లాంటిదే. ఎక్కడిదో ఆ రోజే రాసి పెట్టుకోకపోతే, తర్వాత అది మనదో ఇంకొకరిదో మనమే తేల్చుకోలేం.

మేము ఈ హాస్టల్లోనే ఉండి పదో తరగతి పూర్తి చేసిన ముగ్గురం. ముగ్గురి ఇళ్ళల్లోనూ డిగ్రీ పట్టా తెచ్చుకున్నది మేమే మొదలు. గ్రంథసూచి అంటే ఏమిటో ఇంట్లో చెప్పేవారు లేక దెబ్బ తిని నేర్చుకున్నాం. మన తమ్ముళ్ళు ఆ దెబ్బ తినకూడదని ఈ వ్యాసం రాస్తున్నాం.

ఎందుకు అవసరం?

మా ప్రాజెక్టు కొల్లేరు లంక గ్రామాల జీవనం మీద. అందులో ఒక చోట కొల్లేరు 308 చదరపు కిలోమీటర్లని, ఇంకో చోట 901 అని రాశాం. గైడ్ గారు రెండు అంకెల చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి "ఏది నిజం?" అని అడిగారు. నిజానికి రెండూ సరైనవే. 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించినది ఐదో కాంటూరు వరకు ఉన్న సుమారు 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సార్ ఒడంబడిక కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా నమోదైనది 90,100 హెక్టార్లు, అనగా 901 చదరపు కిలోమీటర్లు. కానీ ఆ రోజు మేము జవాబు చెప్పలేకపోయాం. ఏ అంకె ఏ పుస్తకంలో ఏ పేజీలో చూశామో మా నోటుబుక్కులో లేదు. మళ్ళీ బస్సెక్కి గ్రంథాలయానికి వెళ్ళి, నాలుగు రోజులు వెతికితే గానీ దొరకలేదు. ఆ నాలుగు రోజుల చార్జీలు ఇంటి దగ్గర అప్పు తెచ్చి పంపినవి.

ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి?

గ్రంథసూచిని నిర్వహించే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. సొంత ల్యాప్‌టాప్ ఉన్నవారికి 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన జొటెరో చాలు. అది ఉచితం, నేర్చుకోవడం తేలిక. అయితే హాస్టల్ పిల్లల్లో చాలామందికి సొంత కంప్యూటర్ ఉండదు. కావున మేము వెబ్ ఆధారిత సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నాం. దీన్ని ఒక్క కంప్యూటర్లో అమర్చితే చాలు, అదే వైఫైలో ఉన్నవారు ఏ సెల్‌ఫోన్ బ్రౌజర్ నుంచైనా తెరుచుకోవచ్చు. ఇంటర్నెట్ లేకపోయినా పని ఆగదు. మేము వాడినది వికిండెక్స్. ఇదీ ఉచితమే.

అమర్చే విధానం

1. వికిండెక్స్ నడవాలంటే మూడు ఉండాలి: పేజీలను అందించే అపాచీ, ప్రోగ్రామును నడిపే పీహెచ్‌పీ, సమాచారాన్ని దాచే మైఎస్‌క్యూఎల్ లేదా మారియాడీబీ. విండోస్‌లో ఎక్స్ఆంప్ అనే ఒక్క ప్యాకేజీతో ఈ మూడూ వస్తాయి. వికిండెక్స్ ఏ పీహెచ్‌పీ వెర్షన్‌తో నడుస్తుందో దాని సూచనల పత్రంలో ముందే చూసుకోవాలి. మేము చూసుకోకుండా మొదలుపెట్టి ఒక ఆదివారం పోగొట్టుకున్నాం.

2. ఎక్స్ఆంప్ కంట్రోల్ ప్యానెల్లో అపాచీ, మైఎస్‌క్యూఎల్ రెండింటినీ స్టార్ట్ చేయాలి. అపాచీ మొదలు కాకపోతే 80వ నంబరు పోర్టును వేరే ప్రోగ్రాము వాడుకుంటున్నదేమో చూడాలి.

3. బ్రౌజర్లో పీహెచ్‌పీమైఅడ్మిన్ తెరిచి ఒక ఖాళీ డేటాబేస్ తయారు చేయాలి. అక్కడ కొలేషన్ అనే చోట యూటీఎఫ్8ఎంబీ4 రకం ఎంచుకోవడం మరువవద్దు. తెలుగు అక్షరాలు చెడకుండా నిలవడం దీని మీదే ఆధారపడి ఉంటుంది. ఆ డేటాబేస్‌కు ప్రత్యేకంగా ఒక యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టాలి. ఎక్స్ఆంప్‌లో రూట్ యూజర్‌కు మొదట పాస్‌వర్డే ఉండదు. దానికీ ఒకటి పెట్టాలి.

4. వికిండెక్స్ జిప్ ఫైలును విప్పి, ఎక్స్ఆంప్‌లోని హెచ్‌టీడాక్స్ ఫోల్డర్లో పెట్టాలి. అందులో కాన్ఫిగ్ ఫైలు నమూనా ఒకటి ఉంటుంది. దాన్ని కాపీ చేసి, కాపీకి కాన్ఫిగ్ డాట్ పీహెచ్‌పీ అని పేరు పెట్టి, నోట్‌ప్యాడ్‌లో తెరిచి నాలుగు వివరాలు నింపాలి: సర్వర్ పేరు (సాధారణంగా లోకల్‌హోస్ట్), డేటాబేస్ పేరు, యూజర్ పేరు, పాస్‌వర్డ్. కొటేషన్ గుర్తు ఒక్కటి చెరిగిపోయినా తెల్ల పేజీ తప్ప ఏమీ కనిపించకపోవచ్చు.

5. ఇప్పుడు బ్రౌజర్లో లోకల్‌హోస్ట్ పక్కన గీత గీసి ఆ ఫోల్డర్ పేరు టైపు చేయాలి. సాఫ్ట్‌వేర్ తనకు కావలసిన పట్టికలను తానే తయారు చేసుకుని, అడ్మిన్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. దీంతో అమరిక పూర్తయినట్టే.

6. ఇతరులు తెరవాలంటే ఆ కంప్యూటర్ ఐపీ నంబరు కావాలి. ఉదాహరణకు 192.168.1.10 వంటిది. విండోస్ ఫైర్‌వాల్‌లో అపాచీకి అనుమతి ఇవ్వాలి. మాకు మొదటి రోజు తెరుచుకున్నది రెండో రోజు తెరుచుకోలేదు. కారణం, రౌటర్ ఆ కంప్యూటర్‌కు వేరే నంబరు ఇచ్చింది. రౌటర్‌లో ఆ నంబరును స్థిరంగా కేటాయించుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

7. స్కాన్ చేసిన పుస్తకాలను జతచేయాలంటే పీహెచ్‌పీ సెట్టింగుల ఫైలులో అప్‌లోడ్ పరిమితి పెంచాలి. పీహెచ్‌పీ సహజంగా ఒక ఫైలుకు 2 ఎం.బి. వరకే అనుమతిస్తుంది. మార్చిన తర్వాత అపాచీని ఆపి మళ్ళీ స్టార్ట్ చేయాలి.

తెలుగు పుస్తకాలతో వచ్చే చిక్కులు

సాఫ్ట్‌వేర్ అమర్చడం ఒక్క పూట పని. అసలు పని తెలుగు పుస్తకాలు ఎక్కించేటప్పుడు మొదలవుతుంది.

మొదటిది పేర్లు. మన ఊరి పక్క మండపాకలో 1921లో పుట్టిన కవి దేవరకొండ బాలగంగాధర తిలక్ గారినే తీసుకుందాం. ఇంగ్లీషు పద్ధతికి అలవాటు పడిన సాఫ్ట్‌వేర్లు చివరి మాటే ఇంటిపేరు అనుకుంటాయి. మనకేమో ఇంటిపేరు ముందు వస్తుంది. పైగా ఒకరు "దేవరకొండ బాలగంగాధర తిలక్" అని, ఇంకొకరు "డి.బి. తిలక్" అని, మరొకరు ఉత్త "తిలక్" అని ఎక్కిస్తే, కంప్యూటర్ దృష్టిలో ముగ్గురు కవులు పుట్టుకొస్తారు. మేము ఒక నియమం పెట్టుకున్నాం. ఇంటిపేరు గడిలో ఇంటిపేరే, అదీ పూర్తిగా. పొట్టి పేర్లు వాడకూడదు. ఆ నియమాన్ని కాగితం మీద రాసి కంప్యూటర్ పక్క గోడకు అంటించాం.

రెండోది సంవత్సరం. తిలక్ గారు 1966లో మరణించిన తర్వాత, 1968లో "అమృతం కురిసిన రాత్రి" అచ్చయింది. 1971లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. కానీ మన చేతిలో ఉన్నది తర్వాతి ముద్రణ కావచ్చు. ముద్రణ మారితే పేజీ నంబరు మారుతుంది. అందుకని మనం చదివిన ప్రతి మీద ఉన్న సంవత్సరమే వేయాలి. మొదటి ముద్రణ సంవత్సరాన్ని దాని కోసం ఉన్న వేరే గడిలో గానీ, గమనికలో గానీ రాయాలి.

మూడోది ఫాంట్లు. డి.టి.పి. సెంటర్లలో అను ఫాంట్లతో టైపు చేసిన పాత ఫైలు నుంచి కాపీ చేసి అతికిస్తే, తెలుగుకు బదులు పిచ్చి గుర్తులు పడతాయి. ఆ ఫాంట్లలో కంటికి తెలుగు కనిపించినా లోపల ఉన్నది వేరే అక్షరాల సంకేతాలు. యూనికోడ్‌లో టైపు చేసినదే డేటాబేస్‌లో నిలుస్తుంది, వెతికితే దొరుకుతుంది.

నాలుగోది వెతకడం. "కొల్లేరు" అని వెతికితే "కొల్లేటి లంకలు" అనే శీర్షిక రాదు. మనకు రెండూ ఒకటే, కంప్యూటర్‌కు కాదు. బ్రిటిష్ వారి రికార్డుల్లో ఇదే సరస్సు కొలైర్ అనే పేరుతో ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా ఏర్పడింది కాబట్టి, పాత పుస్తకాల్లో పశ్చిమ గోదావరి అని ఉన్న ఊళ్ళు కొన్ని ఇప్పుడు ఆ జిల్లాలో ఉన్నాయి. అందుచేత ప్రతి పుస్తకానికీ కీలక పదాల గడిలో ఈ రూపాలన్నీ రాయడం మంచిది.

నోటి మాటకూ చోటుంది

2006లో కొల్లేరులో ఐదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తొలగించింది. మాలో ఒకరి నాన్నగారు ఆ చెరువుల మీద కూలి పని చేసేవారు. ఆ రోజుల గురించి ఆయనా, అమ్మమ్మా చెప్పిన సంగతులు మా ప్రాజెక్టులో రాశాం గానీ, గ్రంథసూచిలో చేర్చలేదు. అచ్చయిన పుస్తకాలకే అక్కడ చోటు అనుకున్నాం. గైడ్ గారు "ఇది ఎవరు చెప్పారు?" అని అడిగితే "మా ఇంట్లోవాళ్ళండీ" అని తల దించుకున్నాం. ఆయన "అయితే వాళ్ళ పేర్లు, చెప్పిన తేదీ, ఊరు రాయండి. వాళ్ళని అడిగి రాయండి" అన్నారు.

సాఫ్ట్‌వేర్‌లో పుస్తకం, పత్రిక వ్యాసం, సిద్ధాంత గ్రంథం, ప్రభుత్వ నివేదికలతో పాటు వ్యక్తిగత సంభాషణకూ ఒక రకం ఉంటుంది. అడిగి, ఒప్పుకున్నాక అమ్మమ్మ పేరు ఎక్కించాం. అకారాది క్రమంలో ఆమె పేరు ఇద్దరు ప్రొఫెసర్ల మధ్యన వచ్చింది. ఆ పేజీ ప్రింటు తీసి ఇంటికి తీసుకెళ్ళాం. అమ్మమ్మకు చదువు రాదు. తన పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది.

జాగ్రత్తలు

వారానికొకసారి పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కి డేటాబేస్ నకలు తీసుకోవాలి. జతచేసిన ఫైళ్ళు ఆ నకలులోకి రావు. వాటి ఫోల్డర్‌ను వేరుగా కాపీ చేయాలి. నకలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఇంకొకటి వేరే చోట ఉండాలి. ఒకసారైనా ఆ నకలును వేరే కంప్యూటర్లో తెరిచి చూడాలి. తెరుచుకోని నకలు ఉన్నా లేనట్టే. బిబ్‌టెక్ రూపంలో కూడా ఒక ప్రతి దాచుకుంటే, రేపు ఈ సాఫ్ట్‌వేర్ ఆగిపోయినా జొటెరో వంటి వాటిలోకి మార్చుకోవచ్చు. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గరే ఉండాలి. మిగిలినవారికి ఎవరి లాగిన్ వారికి ఇవ్వాలి.

చివరిగా ఒక మాట. ఈ సాఫ్ట్‌వేర్ మన బదులు చదవదు, మన బదులు నిజం చెప్పదు. తప్పు పేజీ నంబరు ఎక్కిస్తే తప్పునే అందంగా అచ్చు వేసి ఇస్తుంది. కంప్యూటర్ దొరకని రోజున నోటుబుక్కులోనైనా రచయిత, పుస్తకం, ముద్రణ, సంవత్సరం, పేజీ అనే అయిదు వివరాలు రాసి పెట్టుకోండి.

మేము చదివిన పుస్తకాల వివరాలన్నీ స్టడీ రూములోని కంప్యూటర్లో ఎక్కించి ఉంచాం. మా వెనక వచ్చేవారు మొదటి నుంచి మొదలుపెట్టనక్కరలేదు. తమ్ముళ్ళారా, మీరు చదివినవీ దానికి కలపండి. మా ఎంట్రీలలో తప్పులుంటే దిద్దండి. పాత విద్యార్థులు కూడా తమ ప్రాజెక్టుల గ్రంథసూచులను పంపిస్తే, వార్షికోత్సవానికి వారివ్వగలిగిన మంచి కానుక అదే అవుతుంది.